స్పెషల్ చార్జర్ లేకుండా లిథియం అయాన్ బ్యాటరీని ఖాళీ చేయడం ఎలా? ఉప్పునీళ్లు సేఫేనా?

పాతసామాను:

అందరికీ నమస్తే. అల్మారా సర్దుతుంటే పాత బ్యాటరీలు ఒక డబ్బాడు తేలాయి. రీసైక్లింగ్‌కి ఇచ్చేద్దామనుకుంటున్నా. చార్జ్ ఉన్నవి అలాగే ఇవ్వకూడదు, ముందు పూర్తిగా ఖాళీ చేయాలి అని ఒకాయన గట్టిగా చెప్పాడు, నిజమో కాదో తెలీదు.

ఉన్నవి ఇవీ. టార్చ్‌లోంచి తీసిన విడి 18650 సెల్స్ (గొట్టంలా ఉండే లిథియం అయాన్ సెల్స్) నాలుగు, మీటర్ పెడితే 3.9కీ 4.1కీ మధ్య చూపిస్తున్నాయి. పోయిన ల్యాప్‌టాప్ తాలూకు ప్యాక్ ఒకటి, మీద 10.8 వోల్టులు అని రాసుంది కానీ పిన్నుల దగ్గర మీటర్ పెడితే ఏమీ రావట్లేదు. 18 వోల్టుల డ్రిల్ ప్యాక్ ఒకటి, డ్రిల్ బాగానే ఉంది గానీ ఈ ప్యాక్ పెడితే కాసేపటికే ఆగిపోతుంది. ఆఖరిది పవర్ బ్యాంక్, దాని మూత ఒక పక్క పైకి లేచింది, లోపల ఉబ్బిందని నా అనుమానం.

డిశ్చార్జ్ చేసే ఫంక్షన్ ఉన్న చార్జర్లాంటివేమీ నా దగ్గర లేవు. మల్టీమీటర్ ఉంది, టంకం పెట్టడం వచ్చు, బండి ఇండికేటర్ బల్బులు పాతవి కొన్ని ఉన్నాయి. వీడియోల్లో చూస్తే బకెట్లో ఉప్పు కలిపి అందులో పడేయమంటున్నారు, చూడ్డానికి తేలిగ్గానే ఉంది కానీ కింద కామెంట్లలో సగం మంది సూపర్ అంటే సగం మంది చస్తావురా అంటున్నారు. అందుకే టెన్షన్. ఏం చేయమంటారు?

---

టంకంపొగ:

ముందు ఆ పవర్ బ్యాంక్ సంగతి. దాన్ని చార్జ్ చేయకండి, డిశ్చార్జ్ చేయకండి, మూత తెరవకండి, నొక్కి సరిచేయకండి. ఉబ్బిందంటే లోపల గ్యాస్ చేరింది, పొరలు ఎలా ఉన్నాయో బయట నుంచి మీకూ తెలీదు నాకూ తెలీదు. దానిలోంచి కరెంటు లాగడం కూడా దాన్ని వేడి చేయడమే. ఒక లోహపు డబ్బాలోనో మట్టి కుండలోనో అడుగున పొడి ఇసుక వేసి, అందులో పెట్టి, పైన కూడా కొంచెం ఇసుక కప్పి, మూత బిగించకుండా ఇంటి బయట ఎండా వానా తగలని చోట పెట్టండి. ఇచ్చేటప్పుడు "ఇది ఉబ్బింది" అని నోటితో చెప్పి ఇవ్వండి, మిగతావాటితో కలిపి సంచిలో వేయకండి. దగ్గరికెళ్తే తియ్యటి, నెయిల్ పాలిష్ లాంటి వాసన వస్తుంటే ఎలక్ట్రోలైట్, అంటే లోపలి ద్రవం, కారుతోందన్నమాట, అప్పుడు వెంటనే బయటికి.

ఇక అసలు ప్రశ్న. పూర్తిగా ఖాళీ చేసి ఇవ్వాలి అనేది మామూలుగా అవసరం లేదు. సేకరించేవాళ్లు ఎక్కువగా అడిగేది టెర్మినల్స్ (ప్లస్, మైనస్ చివరలు) మీద టేప్ వేయమనే. బ్యాటరీలు పెట్టెలో ఒకదానికొకటి తగిలి షార్ట్ అవ్వడమే అసలు భయం. చార్జ్ తక్కువుంటే మంచిది, అందులో అనుమానం లేదు, ఎందుకంటే ఏదైనా జరిగినా బయటికొచ్చే శక్తి తక్కువ, మంట అంత తేలిగ్గా రాజుకోదు. కానీ తక్కువ వేరు, సున్నా వేరు. విడి లిథియం అయాన్ బ్యాటరీలని విమానంలో సరుకుగా పంపాలంటే చార్జ్ 30 శాతం మించకూడదని 2016 నుంచి నియమం ఉంది, గమనించండి, అక్కడ కూడా సున్నా చేయమని అడగలేదు.

కాబట్టి ఒక్కోదాన్ని విడిగా చూడాలి, నాలుగింటికీ ఒకే మందు లేదు.

---

రాత్రిడ్యూటీ:

ఇంత హైరానా ఎందుకు బ్రో, ఉప్పునీళ్లలో వేసి వదిలెయ్. ఆర్‌సీ (రిమోట్) విమానాలు ఎగరేసేవాళ్లు లైపో (మెత్తటి పౌచ్‌లో ఉండే లిథియం పాలిమర్) ప్యాకులకి చేసేది అదే కదా. రీసైక్లింగ్ ప్లాంట్లలో కూడా ఉప్పు ద్రావణంలోనే ముంచుతారు. బుడగలొస్తాయి, ఆగిపోతాయి, పని అయిపోయింది.

---

సర్క్యూట్‌పిచ్చి:

రాత్రిడ్యూటీ గారూ, ప్లాంట్లో ముంచేవాళ్లకి గాలి లాగే ఏర్పాటు ఉంటుంది, ఆ నీళ్లని శుద్ధి చేసే ఏర్పాటూ ఉంటుంది. ఇంట్లో బకెట్‌కి ఆ రెండూ లేవు.

ఉప్పునీళ్లలో నిజంగా జరిగేదేంటో చూడండి. నీళ్లని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టడానికి కనీసం 1.23 వోల్టులు కావాలి, మీ సెల్ దగ్గర 4 ఉన్నాయి. అంటే అక్కడ ఎలక్ట్రాలసిస్ నడుస్తోంది. మైనస్ దగ్గర హైడ్రోజన్, ప్లస్ దగ్గర ఉప్పు వల్ల క్లోరిన్. ఆ బుడగలు సోడా బుడగలు కావు, ఒకటి మండే గ్యాస్, ఇంకోటి పీలిస్తే ఊపిరితిత్తుల్ని కాల్చే గ్యాస్. ఒక్క సెల్‌కి వచ్చేది కొంచెమే, ఒప్పుకుంటా. 18 వోల్టుల ప్యాక్ మొత్తం బాత్రూమ్‌లో ముంచితే అప్పుడు ఇంకో లెక్క.

అదైనా పెద్ద సమస్య కాదు, అసలు సమస్య ప్లస్ టెర్మినల్ తినేయబడటం. సెల్ ఖాళీ అవ్వడం కన్నా ముందే ఆ లోహం కరిగి తుప్పుగా మారి బకెట్ అడుగున గోధుమరంగు బురదలా చేరుతుంది. లైపో పౌచ్ అయితే ప్లస్ ట్యాబ్ (బయటికొచ్చే రేకు) అల్యూమినియం, అది ఇంకా తొందరగా పోతుంది. ట్యాబ్ తెగిపోగానే బుడగలు ఆగిపోతాయి, మీటర్ పెడితే సున్నా వస్తుంది, మనం ఖాళీ అయిందనుకుంటాం. లోపల చార్జ్ చాలావరకు అలాగే ఉంటుంది! పైగా ఇప్పుడు దాన్ని ఇంకో పద్ధతిలో ఖాళీ చేద్దామన్నా వైరు తగిలించడానికి ఏమీ మిగల్లేదు. సీల్ దెబ్బతిని నీళ్లు లోపలికి దిగితే అక్కడ ఇంకో రసాయన గొడవ మొదలు. ఆ మురికి నీళ్లు ఎక్కడ పోస్తారు, అది మళ్లీ వేరే ప్రశ్న.

ఉబ్బిన బ్యాటరీకి అసలు వద్దు. బాగున్న బ్యాటరీకి అంతకన్నా మంచి దారులు ఉన్నాయి. మరి ఉప్పునీళ్లు దేనికి?

---

వైరుకట్టర్:

విడి సెల్స్ గురించి నేను చెప్తా, రోజూ ఇదే పని.

అన్నిటికన్నా సులువు: ఆ సెల్స్ వచ్చిన టార్చ్ ఇంకా ఉంటే దాన్లోనే మళ్లీ వేసి వెలిగించి ఎదురుగా కూర్చోండి. వెలుగు బాగా తగ్గాక తీసి మీటర్ పెట్టండి. ఫోన్ కైనా, డ్రిల్‌కైనా ఇదే మాట, ఏ పరికరం కోసం ఆ బ్యాటరీ చేశారో ఆ పరికరమే దానికి సరైన డిశ్చార్జర్. ఎక్కడ ఆగాలో చాలావాటికి తెలుసు.

టార్చ్ లేకపోతే సిమెంట్ రెసిస్టర్. 10 ఓములది, 5 వాట్లు లేదా అంతకన్నా ఎక్కువ తట్టుకునేది తీసుకోండి. లెక్క చూడండి: 4.2 వోల్టులని 10 ఓములతో భాగిస్తే 0.42 ఆంపియర్లు, వేడి సుమారు 1.8 వాట్లు. ఈ లెక్కన పావు వాటు రెసిస్టర్ పెట్టారంటే అది మాడి పొగొస్తుంది, అందుకే వాట్లు చూసి కొనాలి. 5 వాట్లది కూడా చేత్తో పట్టుకోలేనంత వేడెక్కుతుంది, అది మామూలే, వేడెక్కకూడనిది సెల్. 2500 మిల్లీ ఆంప్ అవర్ సెల్ నిండుగా ఉంటే ఇలా 7 గంటల దాకా పడుతుంది. నెమ్మదే, కానీ నెమ్మదే కావాలి మనకి. తొందరగా అవ్వాలని వైరు ముక్కతో ప్లస్సూ మైనస్సూ కలిపేవాళ్లు ఉన్నారు. సెల్ లోపలి రెసిస్టెన్స్ 50 మిల్లీ ఓములు అనుకున్నా షార్ట్ చేస్తే 80 ఆంపియర్లు దాటుతుంది, వైరు ఎర్రగా కాలుతుంది, తర్వాత సెల్ వంతు.

మీ ఇండికేటర్ బల్బు కూడా పనికొస్తుంది, ఫిలమెంట్‌ది అయితేనే. 12 వోల్టులు 21 వాట్ల బల్బు ఒక సెల్‌కి పెడితే ఎర్రగా, మందంగా వెలిగి ఒక ఆంపియర్‌కి కాస్త అటూ ఇటూగా లాగుతుంది. ఎల్ఈడీ బల్బు వద్దు, వోల్టేజ్ చాలక అసలు వెలగదు, లేదా మధ్యలోనే ఆగిపోతుంది.

సెల్ మీద నేరుగా టంకం మాత్రం పెట్టకండి, ఆ వేడి లోపలి సీల్‌కి, పొరకి మంచిది కాదు. ప్లాస్టిక్ సెల్ హోల్డర్ దొరుకుతుంది, దాని వైర్లకి రెసిస్టర్ టంకం పెట్టుకుని, ఆ తర్వాత సెల్ పెట్టండి. టైల్ నేల మీదో సిమెంటు గచ్చు మీదో పెట్టండి, పరుపు, చెక్క టేబుల్, కర్టెన్ పక్కన వద్దు. మధ్యమధ్యలో సెల్‌ని వేలితో తాకి చూడండి, గోరువెచ్చన దాటితే లోడ్ (అంటే ఆ రెసిస్టర్ లేదా బల్బు) తీసేయండి. రాత్రి తగిలించి పడుకోవడం వద్దు.

ఇంకో మాట, మీటర్ గురించి. కరెంటు కొలవడానికి ఎర్ర ప్రోబ్‌ని 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, మళ్లీ వోల్టేజ్ చూద్దామని అలాగే సెల్ మీద పెడితే అది షార్టే. ఆ రంధ్రానికి లోపల దాదాపు రెసిస్టెన్స్ ఉండదు. చౌక మీటర్లలో కొన్నిటికి అక్కడ ఫ్యూజ్ కూడా పెట్టరు. ప్రతిసారీ రంధ్రం చూసుకుని పెట్టండి.

---

పాతసామాను:

చాలా థాంక్స్ అందరికీ. పవర్ బ్యాంక్ ఇసుకలోకి వెళ్లిపోయింది, బయట పెట్టేశా.

వైరుకట్టర్ గారూ, ఎక్కడ ఆపాలి? 3 వోల్టులా, ఇంకా కిందకా? ఇంకోటి, ఒక సెల్‌ని రెసిస్టర్‌తో 2.9 దాకా దించి తీశాక పావుగంట ఆగి చూస్తే 3.2 చూపిస్తోంది. తనంతట తనే ఎలా చార్జ్ అయింది? భయపడాలా?

---

వైరుకట్టర్:

చార్జ్ అవ్వలేదండి. లోడ్ ఉన్నప్పుడు లోపలి రెసిస్టెన్స్ కొంత వోల్టేజ్ తినేస్తుంది, లిథియం అయాన్లు కూడా ఒక పక్కకి గుమిగూడి ఉంటాయి. లోడ్ తీయగానే ఆ రెండూ సర్దుకుంటాయి, మీటర్ పైకి ఎక్కుతుంది. కాస్త పాతబడిన సెల్స్‌లో ఇది ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి లోడ్ తీసి అరగంట ఆగాక వచ్చే అంకెనే నమ్మండి.

ఎక్కడ ఆపాలి అనేది దాన్ని ఏం చేయబోతున్నారు అన్న దాని మీద ఉంటుంది. మళ్లీ వాడే సెల్ అయితే 3 వోల్టుల దగ్గర ఆపేయండి. చాలా సెల్స్‌కి కంపెనీ ఇచ్చే కింది హద్దు 2.5, కానీ చేత్తో చూసుకుంటూ చేసేవాళ్లకి కొంచెం జాగా ఉండాలి, పైగా 3 వోల్టుల కింద మిగిలేది చాలా కొంచెం, అక్కడినుంచి వోల్టేజ్ కొండ మీంచి రాయిలా జారిపోతుంది. రీసైక్లింగ్‌కి పోయేదైనా 3 దగ్గర ఆపేసి టేప్ వేసి ఇచ్చేయొచ్చు, చాలా మందికి అదే చాలు. మనసు ఒప్పుకోక పూర్తిగా దించాలనుంటే, విడి సెల్ అయితే, అదే రెసిస్టర్‌ని ఇంకొన్ని గంటలు వదిలేయండి, వోల్టేజ్ పడేకొద్దీ కరెంటూ పడుతుంది, వేడి ఉండదు.

కానీ అలా సున్నాకి దింపినదాన్ని మళ్లీ చార్జర్‌లో పెట్టకూడదు. సెల్ వోల్టేజ్ మరీ కిందకి పోతే లోపల రాగి రేకు కరగడం మొదలవుతుంది, మళ్లీ చార్జ్ చేస్తే ఆ రాగి వేరే చోట పేరుకుని లోపలే షార్ట్ చేసే ప్రమాదం ఉంది. పాత ల్యాప్‌టాప్ సెల్స్ బతికిస్తామని ఒక వోల్టు ఉన్నవాటికి చార్జ్ ఎక్కించే వీడియోలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

---

సర్క్యూట్‌పిచ్చి:

పైన చెప్పిన "సున్నాకి దించొచ్చు" అన్న మాట విడి సెల్‌కి మాత్రమే, డ్రిల్ ప్యాక్‌కి చేయకండి. మీ 18 వోల్టుల ప్యాక్‌లో ఐదు సెల్స్ వరసగా ఉంటాయి, నిండితే 21 వోల్టులు. కాసేపటికే ఆగిపోతోందంటే ఆ ఐదింట్లో ఒకటి మిగతావాటికన్నా బలహీనపడి ఉండొచ్చు. బల్బు పెట్టి అలా లాగుతూ పోతే ముందు ఆ బలహీనమైనది సున్నాకి వస్తుంది, మిగతా నాలుగూ ఇంకా కరెంటు తోస్తూనే ఉంటాయి, అప్పుడు ఆ ఒక్కదాని ప్లస్ మైనస్ తారుమారవుతుంది. అక్కడినుంచి వేడి. మొత్తం ప్యాక్ 15 వోల్టులు చూపిస్తోంది కాబట్టి ఒక్కోటి 3 ఉంటుంది అని భాగించడం కూడా తప్పే, నాలుగు 3.4లూ ఒక 1.4 కలిపినా 15 వస్తుంది.

దానికి డ్రిల్ ఉంది కదా, డ్రిల్‌లోనే పెట్టి బిట్ లేకుండా ఖాళీగా తిప్పండి. కొంచెం తిప్పి కొంచెం ఆపుతూ, ఎందుకంటే ట్రిగ్గర్ సగం నొక్కి గంటల తరబడి ఉంచితే మోటారూ వేడెక్కుతుంది, ట్రిగ్గర్ లోపలి సర్క్యూటూ వేడెక్కుతుంది. ప్యాక్‌లోనో డ్రిల్‌లోనో ఉన్న రక్షణ సర్క్యూట్ ఆపేసిందంటే అయిపోయినట్టే. కాసేపాగితే మళ్లీ తిరుగుతుంది, ఆ వోల్టేజ్ కొంచెం లేవడం వల్లే, దాన్ని చూసి మళ్లీమళ్లీ నొక్కకండి.

ల్యాప్‌టాప్ ప్యాక్ విషయం. పిన్నుల దగ్గర ఏమీ రాకపోవడం చాలా ప్యాకుల్లో మామూలే. లోపల బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఉంటుంది, ల్యాప్‌టాప్ పలకరిస్తేనే తలుపు తీస్తుంది, లేకపోతే మూసేసి కూర్చుంటుంది. సెల్స్‌లో చార్జ్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. దాన్ని తెలుసుకోవడానికి స్క్రూడ్రైవర్‌తో పెట్టె పగలగొట్టొద్దు. ఆ ప్లాస్టిక్ జిగురుతో అతికించి ఉంటుంది, లోపల సెల్స్ మధ్య సన్నని నికెల్ పట్టీలు ఉంటాయి, స్క్రూడ్రైవర్ మొన ఒక్కసారి జారితే షార్ట్ అన్నా అవుతుంది, సెల్ డొక్క అన్నా చిరుగుతుంది. పిన్నుల మీద టేప్ వేసి అలాగే ఇచ్చేయండి. ల్యాప్‌టాప్ బతికి ఉన్నవాళ్లయితే చార్జర్ తీసేసి, బయోస్ స్క్రీన్‌లో (విండోస్ మొదలవ్వకముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్) వదిలేస్తే నిద్రలోకి పోకుండా దానంతట అదే ఆఖరిదాకా నడిచి ఆగుతుంది.

---

రాత్రిడ్యూటీ:

సరే ఉప్పునీళ్ల మాట వెనక్కి తీసుకుంటున్నా, ట్యాబ్ తెగితే చార్జ్ లోపలే ఉండిపోతుందన్నది నేను ఆలోచించలేదు. కానీ ఒకటి చెప్పండి, డిశ్చార్జ్ చేసేటప్పుడు సెల్ బుస్సుమని పొగ మొదలెడితే? అప్పుడు కూడా నీళ్లు వద్దా?

---

టంకంపొగ:

అది వేరే సందర్భం, అప్పుడు నీళ్లే కావాలి. సెల్ మండుతున్నప్పుడు చల్లార్చడమే పని, చల్లార్చడానికి నీళ్లని మించింది ఇంట్లో లేదు, కొంచెం కాదు, బాగా. లిథియం కదా నీళ్లు తగిలితే పేలుతుందేమో అనుకుంటారు. రీచార్జ్ అయ్యే లిథియం అయాన్‌లో మామూలుగా లిథియం లోహం ముద్దలా ఉండదు, అయాన్ల రూపంలో ఉంటుంది. ఇసుక మంట పక్కకి పాకకుండా ఆపుతుంది గానీ లోపలి వేడిని ఆపలేదు, ఎందుకంటే ప్లస్ పక్క పదార్థం వేడికి విడిపోయి తనే ఆక్సిజన్ వదులుతుంది, గాలి మూసేసినా లోపల నడుస్తూనే ఉంటుంది.

కానీ మీరు హీరో అవ్వక్కర్లేదు. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది, పీల్చే సరుకు కాదు. ఒక్క సెల్ గచ్చు మీద మండుతుంటే బకెట్ నీళ్లు దూరం నుంచి పోసి, తలుపులు తీసి, బయటికి రండి. అంతకన్నా పెద్దదైతే మనుషుల్ని బయటికి తీసుకొచ్చి ఫైర్ వాళ్లకి ఫోన్ చేయండి. మండి ఆరిన సెల్ మళ్లీ రాజుకోవచ్చు, చల్లగా కనిపించింది కదా అని చేత్తో తీసి చెత్తలో వేయకండి. అందుకే మొదలుపెట్టే ముందే నీళ్ల బకెట్ పక్కన పెట్టుకోండి, సెల్స్ ఒకేసారి నాలుగు కాకుండా ఒక్కోటి చేయండి.

---

నీలిదీపం:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది పారేసే సంగతి కాదు. ఒక పాత ఫోన్, ఒక కెమెరా బ్యాటరీ చాన్నాళ్లు వాడకుండా పక్కన పెట్టాలి. వాటిని కూడా ఖాళీ చేసి పెట్టాలా? నెలకోసారి పూర్తిగా ఖాళీ చేస్తే బ్యాటరీ బాగుంటుందని మా బాబాయ్ అంటుంటాడు.

---

సర్క్యూట్‌పిచ్చి:

బాబాయ్ గారి మాట నికెల్ కాడ్మియం కాలం నాటిది, వాటికి ఆ జబ్బు ఉండేది. లిథియం అయాన్‌కి పూర్తిగా ఖాళీ చేయడం వ్యాయామం కాదు, అరుగుదలే. దాచిపెట్టేటప్పుడు సగానికి కాస్త అటూ ఇటూ, సెల్‌కి 3.7 నుంచి 3.8 వోల్టుల దగ్గర ఉంచి, స్విచాఫ్ చేసి, చల్లటి పొడి చోట పెట్టండి. నిండుగా పెడితే తొందరగా ముసలిదవుతుంది. ఖాళీగా పెడితే దానంతట అది కొంచెం కొంచెం కారిపోయి పైన చెప్పిన రాగి కరిగే ప్రాంతానికి జారిపోతుంది. కొన్ని నెలలకోసారి చూసి సగానికి నింపండి. ఫోన్‌ని 50కి దించడానికి వీడియో పెట్టి వదిలేస్తే చాలు, దానికి రెసిస్టర్లూ బల్బులూ అక్కర్లేదు.

---

పాతసామాను:

సెల్స్ ఒక్కోటి చేస్తున్నా, చేతికి వేడి తెలియట్లేదు, రెసిస్టర్ మాత్రం మండిపోతోంది. ఆఖరి ప్రశ్న. టేప్ అంటే ఏ టేప్? రెండు చివరలా వేయాలా? ఇంకా ఆ నాలుగు సెల్స్‌లో ఒకదాని మీద "ఐఎఫ్ఆర్" అని ఉంది, మిగతా వాటి మీద అది లేదు, దానికీ ఇదేనా?

---

వైరుకట్టర్:

ఐఎఫ్ఆర్ అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అండి. అది నిండితే 3.65 వోల్టులే, మామూలుగా 3.2 దగ్గర ఉంటుంది, కింది హద్దు 2.5. మీరు మొదట్లో అన్నీ 3.9 పైన ఉన్నాయన్నారు, అది నిజంగా ఐఎఫ్ఆర్ అయితే ఎవరో తప్పు చార్జర్‌లో పెట్టి ఎక్కువ నింపినట్టే. మళ్లీ ఒకసారి మీటర్ పెట్టి చూడండి. ఇప్పటికీ 3.65కి బాగా పైనే ఉంటే దాన్ని డిశ్చార్జ్ చేసే పని పెట్టుకోకుండా టేప్ వేసి పవర్ బ్యాంక్‌లాగే వేరే ఇసుక డబ్బాలో పెట్టేయండి.

టేప్ మామూలు కరెంటు టేప్ చాలు, నల్లదో ఎర్రదో. సెల్లోటేప్ కూడా కరెంటుని ఆపుతుంది గానీ తొందరగా ఊడిపోతుంది. 18650కి ప్లస్ వైపు తప్పనిసరి, మైనస్ వైపు కూడా వేస్తే ఇంకా మంచిది, ఎందుకంటే దాని ఒళ్లంతా మైనసే, చుట్టూ ఉన్న సన్నని ప్లాస్టిక్ చిరిగి ఉంటే పక్క సెల్ ప్లస్ దానికి తగలొచ్చు. అలా చిరిగినవి ఉంటే నడుము చుట్టూ కూడా ఒక చుట్టు వేయండి. మొత్తం సున్నాకి దింపినవాటి మీద మార్కర్‌తో "చార్జ్ చేయొద్దు" అని రాయండి, ఇంట్లో ఇంకెవరైనా చూసి బాగుందే అని చార్జర్‌లో పెట్టేస్తారు.